మంద తొక్కిన బీడు

నా చిన్నప్పుడు, వానలు మొదలయ్యాయంటే మా ఇంట్లో కూరగాయలు కొనే మాటే ఉండేది కాదు. మా మేనత్త పొద్దున్నే కొంగు నడుముకు దోపుకుని వాన మీద పండే మా చెలక పక్కనున్న బీడులోకి వెళ్ళేది. తిరిగి వచ్చేటప్పటికి ఆ కొంగు నిండా ఆకులుండేవి. ఎవరూ విత్తనం వేయని ఆకులు, ఎవరూ నీళ్ళు పెట్టని ఆకులు. గునుగు, తుమ్మి, చెంచలి, దొగ్గలి, గంగవాయిలి, ఇంకా ఆకారం గుర్తుండి పేరు మరిచిపోయినవి కొన్ని. అన్నీ కలిపి ఒకే కుండలో వేసి, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు తగిలించి, దించే ముందు కాస్త చింతపండు రసం పోసేది. దాన్ని మేము కలగూర అనేవాళ్ళం. జొన్నరొట్టెతో తింటుంటే ఒక ముద్దలో జిగురు తగిలేది, ఇంకో ముద్దలో చేదు, మరో దాంట్లో పులుపు. ఏ రెండు రోజులూ ఆ కూర ఒకేలా ఉండేది కాదు.

మా ఊరు పటాన్‌చెరు అవతల, లక్డారానికి దగ్గర. ఇప్పుడు అటు వెళ్ళేవాళ్ళకు కంకర మిషన్ల దుమ్ము, గోదాముల రేకులు, వరసగా ఆగిన లారీలు కనిపిస్తాయి. అప్పుడు ఎర్రమట్టి చెలకలుండేవి, వాటి మధ్యమధ్య బీళ్ళుండేవి. బీడంటే పనికిరాని నేల అని కాగితాల్లో రాసుకుంటారు. రాసుకోనివ్వండి. మా ఇంట్లో మాత్రం అది వంటింటికి ఇంకో గది.

మా మేనత్త అంటే మా నాన్నకు అక్క. పెళ్ళైన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. చుట్ట కాల్చేది, గట్టిగా నవ్వేది, అంతకన్నా గట్టిగా తిట్టేది. తిట్టకుండా మాట్లాడడం ఆమెకు చేతకాదు. విచిత్రమేమంటే, ఆమె చేత తిట్లు తిన్నవాళ్ళంతా సాయంత్రమయ్యేసరికి మళ్ళీ ఆమె అరుగు మీదకే చేరేవాళ్ళు. మా ఇంటి పెత్తనమంతా ఆమెదే. మా నాన్న కూడా ఎద్దు కొనాలన్నా, అల్లుణ్ణి చూడాలన్నా ముందు ఆమె ముఖం చూసేవాడు.

ఒక ఏడు వానాకాలానికి కాస్త ముందు మా తమ్ముడు పుట్టాడు. కాన్పు తర్వాత అమ్మ మంచం మీదే ఉండిపోయింది. ఒంట్లో రక్తం లేదని సంగారెడ్డి డాక్టరు మందులిచ్చాడు. మందులు వేసుకునేది కానీ అన్నం చూస్తే వాంతి చేసుకునేది. పాలు పోసినా పక్కకు తిప్పేది. ఆమె నోటికి ఎక్కింది ఒక్క కలగూరే. మా మేనత్త పక్కన కూర్చుని, "తినవే, తినకపోతే నీ మొగునికి ఇంకో పెండ్లి చేస్త" అని బెదిరిస్తూ ముద్దలు పెట్టేది. నేను గుమ్మంలో నిలబడి అమ్మ గొంతు కదలడం చూసేదాన్ని. గొంతు కదిలితే నాకు ప్రాణం లేచొచ్చేది.

కూర లేని రోజు అమ్మ ఉండదని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. పిల్లలు తమంతట తాము ఇలాంటిది ఒకటి అనుకున్నారంటే ఇక దాన్ని పెద్దవాళ్ళెవరూ పీకి పారేయలేరు. ఆ భయంతో నేను రోజూ బీడు గట్టు మీదకు వెళ్ళి కాపలా కూర్చోవడం మొదలుపెట్టాను.

ఎవరి నుంచి కాపలా? గొర్ల నుంచి. మా ఊళ్ళో గొర్లు కాసే ఒక మామ ఉండేవాడు. వరస కలిపి అందరం మామ అనేవాళ్ళం, అతను నన్ను కోడలా అనేవాడు. రోజూ తన మందను మా బీడు మీదుగా తోలేవాడు. అవి నడుస్తూ నడుస్తూనే పరపరా కొరికేవి. నిన్న నేను చూసి పెట్టుకున్న చెంచలి మొక్క ఇవాళ మొండిగా ఉండేది. అది చూస్తే నాకు అమ్మ చేతిలో ముద్ద లాక్కున్నట్టే ఉండేది. ఒకరోజు ఏడుస్తూ అతనికి అడ్డం నిలబడ్డాను.

"మామా, నీ గొర్లను గిటు తోలకు. మా అమ్మ కూర తింటున్నయి."

"గొర్లు మేయకుంటె మీ అమ్మకు కూర ఏడికెల్లి వస్తది కోడలా?" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

వెటకారం చేస్తున్నాడనుకున్నాను. ఇంటికి పరిగెత్తి మా మేనత్త ముందు కూలబడి, గొర్లు అమ్మను చంపేస్తున్నాయని చెప్పాను. మామూలుగా అయితే తిట్టి పంపేది. ఆ రోజు చుట్ట తీసి పక్కన పెట్టింది. తర్వాత, "సరే, కంచె ఎయ్యి. సగం నీది, సగం గొర్లది. నీ సగంల ఒక్క గొర్రె కాలు పెట్టినా మీ మామ కాళ్ళిరగ్గొడ్త" అంది. అనడమే కాదు, కొడవలి తీసుకుని నాతో వచ్చి రేగు కంప, తుమ్మ కంప కొట్టి, బీడుకు సరిగ్గా నడుమ నుంచి కంచె వేసింది. ముళ్ళు గీరుకుని ఆమె చేతులు ఎర్రబడ్డాయి. ఏం జరగబోతోందో ఆమెకు అప్పటికే తెలుసని నాకు చాలా కాలం తర్వాత గానీ అర్థం కాలేదు.

మొదట్లో నాదే గెలుపు. కొద్ది వారాల్లో నా సగంలో ఆకులు మోకాలి ఎత్తుకు వచ్చాయి. తెంపడానికి వంగాల్సిన పని కూడా లేదు. నా చేత్తో తెచ్చిన కూర అమ్మ తింటుంటే ఊళ్ళో ఎవరికీ లేని ఆస్తి నాకున్నట్టు తిరిగాను. గొర్ల మామ కనిపిస్తే "చూసినవా?" అనేదాన్ని. "చూసిన కోడలా, మస్తుగున్నది" అని అతను మా మేనత్త వైపు ఓ చూపు చూసేవాడు. ఆమె ఏమీ ఎరగనట్టు ఆకాశం వైపు చూసేది.

దసరా వచ్చేసరికి బోదగడ్డి లేచింది. పశువుల కొట్టాల మీద కప్పే గడ్డి అది, పెరిగితే నా నడుము దాటేది. మొదట నేను దాన్ని లెక్కచేయలేదు. గడ్డి గడ్డే, కూర కూరే అనుకున్నాను. చలికాలంలో అది ఎండి అలాగే నిలబడింది. ఎండాకాలంలో ఒకదాని మీద ఒకటి వాలి చాపలా పరుచుకుంది. మళ్ళీ వానలు పడ్డప్పుడు ఆ ఎండు గడ్డి లోంచే కొత్త గడ్డి వచ్చింది. నేను రెండు చేతులతో పాయలు తీసి లోపలికి చూస్తే కింద చీకటిగా ఉంది. తెల్లగా పాలిపోయిన సన్నని కాడలు కొన్ని పైకి రాలేక వంగిపోయి ఉన్నాయి. అవి ఏ కూర మొక్కలో కూడా గుర్తుపట్టలేకపోయాను.

అమ్మ ఆ ఏడాదంతా ఒకరోజు లేచి తిరిగితే వారం పడుకునేది. ఆ వానాకాలం మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ అన్నం చూస్తే వాంతి. నేను నా సగంలోకి వెళ్ళి ముళ్ళు, గడ్డి కోతలు పడుతూ వెతికితే పిడికెడు ఆకు కూడా దొరకలేదు. దొరికినవి ముదిరి నారలా ఉన్నాయి. కంచె అవతల, గొర్లు రోజూ తిరిగే సగంలో, నేలబారుగా, కొరికిన చోటల్లా కొత్త చిగురు వేసి, అరచేతి మేర నేలలో ఒక్కో రకం ఆకు కనిపిస్తోంది. నేను వేసిన కంచెకు అవతల కూర్చుని, నేను తిట్టిన గొర్ల వెనకాలే వెళ్తూ, అమ్మకు కూర తెంపాను.

మరునాడు మా మేనత్త రెండు చాటలు నా చేతికిచ్చింది. "ఒకదాంట్ల నీ సగంలది, ఒకదాంట్ల గొర్ల సగంలది ఏరుకరా. రకానికి ఒక్క ఆకు సాలు" అంది. ఏరుకొచ్చాను. గొర్ల సగం చాటలో ఆకులు ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే చాట అంచుదాకా వచ్చాయి. నా సగం చాటలో బోద ఆకు, దాని పక్కన పాలిపోయిన కాడ ఒకటి. ఆ రెండు చాటలూ పక్కపక్కన పెట్టి, వాటి ముందు కూర్చుని ఏడ్చాను. ఊరందర్నీ ఎగతాళి చేసే మా మేనత్త ఆ రోజు నవ్వలేదు. నా తల మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆమె చేతికి చుట్ట వాసన, కూర పసరు వాసన కలిసి ఉండేవి.

ఆ మధ్యాహ్నమే ఆమె కూలీలను పెట్టి బోద కోయించి కొట్టం మీదకు వేయించింది. కంచె లాగి పారేసింది. సాయంత్రానికి గొర్ల మామ తన మందనంతా తోలుకొచ్చి నా సగంలో కూర్చోబెట్టాడు. దీన్ని మంద పెట్టించడమంటారు. పంట కోసిన చెలకల్లో గొర్లను రాత్రంతా ఉంచితే పెంటతో, మూత్రంతో నేలకు బలమొస్తుందని రైతులు కాపరులకు గింజలిచ్చి పెట్టించుకునేవాళ్ళు. బీడులో మాత్రం ఎవరూ పెట్టించరు. గట్టు మీద పోయేవాళ్ళు ఆగి, "బీడుకు ఎరువేసుడేంది అక్కా, పిచ్చిగిట్ల లేసిందా?" అని నవ్వారు. ఆమె వాళ్ళ తాతల నుంచి మొదలుపెట్టి తిట్టి పంపింది.

తెల్లారి వెళ్ళి చూశాను. నేలంతా బురద. డెక్కల గుంటలు, పెంటికలు, మూత్రపు ఘాటు. పచ్చటి ఆకు ఒక్కటి మిగల్లేదు. ఆ పాలిపోయిన కాడలు కూడా తొక్కి నుజ్జయిపోయాయి. "ఇగ మా అమ్మ సచ్చిపోతది" అని నేల మీద పడి అరిచాను. మా మేనత్త నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. నేను ఇవాళ్టి దాకా మరిచిపోని మాటలు అప్పుడే చెప్పింది.

"బోద ఊరికె పెరిగితె దాని కింద ఎవ్వడు బతుకుతడే? దాని నెత్తి మీద కొట్టేటోడు ఉండాలె. గొర్రె దాన్ని కొరుకుతది. డెక్కతోని మట్టి పెకిలిస్తది. యాడనో తిన్న గింజ ఈడ పెంటల ఏస్తది. గప్పుడు చిన్నయి నెత్తి లేపుతయి."

అక్కడితో వదల్లేదు. చెయ్యి పట్టుకుని ఊరి చివర గొర్ల మామ దొడ్డి దగ్గరికి లాక్కెళ్ళింది. ఏడాది పొడుగునా రాత్రుళ్ళు మందను తోలి ఉంచే చోటది. గట్టిపడిన నల్లటి నేల, మూలన రెండు జిల్లేడు చెట్లు, ఉమ్మెత్త. ఇంకేమీ లేదు. "ఈడ రోజు గొర్లే గద? మరి కూరేది?" అని అడిగింది. "మంద రావాలె, వచ్చి లేసిపోవాలె. రాకున్నా నేల సత్తది, పోకున్నా సత్తది. గంతే" అని తన తిట్ల గొంతులోనే ముగించింది. అంత చిన్న వయసులో నాకది పూర్తిగా ఎక్కలేదు కానీ కళ్ళతో చూసింది ఎక్కింది.

ఆ వారం వాన పడింది. డెక్కల గుంటల్లో నీళ్ళు నిలిచి ఇంకాయి. ఆ గుంటల అంచుల్లోనే మొదట ఎర్రటి మొలకలు వచ్చాయి. గంగవాయిలి. దాని వెనక గునుగు, తుమ్మి, ఆ తర్వాత నా సగంలో అంతకుముందు ఎన్నడూ చూడని రకాలు కూడా. అమ్మ ఆ కూర తింది. మెల్లగా లేచింది. కూర వల్లే బతికిందని నేననను, డాక్టరు మందులూ ఉన్నాయి, మా మేనత్త బెదిరింపులూ ఉన్నాయి. కానీ అమ్మ మంచం దిగి పొయ్యి దగ్గరికి నడిచిన రోజు నేను బీడుకు పరిగెత్తి, గొర్ల మామ ముందు నిలబడి, అతని చేతికర్ర పట్టుకుని ఊపాను. అంత సంతోషం నాకు మళ్ళీ నా పెళ్ళిలో కూడా లేదు.

ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేది. పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఇక్కడే ఆపేసేదాన్ని.

నాకు పక్క ఊరి సంబంధమే చేశారు. నేను కాపురానికి వెళ్ళిన కొన్నేళ్ళకు మా వైపు ఫ్యాక్టరీలు వచ్చాయి. అప్పుడు మేమెవరం ఏడవలేదు, ఆ మాట నిజంగా చెప్పాలి. జొన్న పండక, అప్పులు తీరక ఉన్నవాళ్ళం. మా తమ్ముడికి, అదే ఆ ఏడు పుట్టినవాడికి, ఒక ఫ్యాక్టరీలో నౌకరీ దొరికితే ఇంట్లో పండగ చేసుకున్నాం. ఆ జీతంతోనే అమ్మ చివరి దాకా బతికింది. మా మేనత్త ఆ ఫ్యాక్టరీ పొగ గొట్టాన్ని చూపించి "మా పోరని చుట్ట" అని నవ్వేది.

తర్వాత ఒక వానాకాలం, వాన నీళ్ళతో పాటు ఫ్యాక్టరీల వైపు నుంచి పారే కాలవలోంచి చాయ్ రంగు నీళ్ళు వచ్చాయి. ముక్కుపుటాలు మండే వాసన. కాలవ నిండి మా బీడులోకి పొర్లింది. నాన్న, తమ్ముడు పారలు తీసుకుని గట్టు వేయడానికి బయల్దేరితే మా మేనత్త అడ్డం నిలబడింది. "రానియ్యుండ్రి. మంద లెక్కనే గిది గూడ. తొక్కుతది, పోతది. మల్లొచ్చే వానకు చూడుండ్రి, కూర ఎంత జోరుగ వస్తదో" అంది. ఆమె మాట కాదనే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పారలు మూలన పడ్డాయి. నీళ్ళు బీడులో నిలిచి, అక్కడే ఇంకిపోయాయి.

ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండుతుంది. బతుకంతా చూసి తెలుసుకున్న నిజంతోనే ఆమె ఆ నీళ్ళను లోపలికి రానిచ్చింది. నేలకు దెబ్బ తగలడం తప్పు కాదని, దెబ్బ తర్వాత నేల ఇంకా బాగా కాస్తుందని ఆమెకు తెలుసు. అప్పటిదాకా ఆమె చూసిన దెబ్బలన్నీ నాలుగు కాళ్ళ మీద నడిచొచ్చినవి. ఇలాంటి దెబ్బ ఒకటుంటుందని ఆమెకు ఎవరు చెప్తారు? ఆ నీళ్ళు వదిలినవాళ్ళకు తెలుసు. వాళ్ళు చెప్పలేదు.

మరుసటి ఏడు బీడు మీద ఉప్పులాంటి తెల్లటి పొక్కు కట్టింది. ఆ పై ఏడు కూడా అంతే. పొక్కు పగిలిన చోట సర్కారు తుమ్మ ఒక్కటి లేచింది. గొర్ల మామ గొర్లు ఆ కాలవ కలిసే వాగులో నీళ్ళు తాగి, కడుపులు ఉబ్బి, ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి. అతను చచ్చిన గొర్ల మధ్య కూర్చుని ఒక్కోదాని చెవి పట్టుకుని పేరు పెట్టి పిలిచాడట. తర్వాత అతను ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. కోడలా అని పిలిచే ఆ గొంతు మళ్ళీ నాకు వినిపించలేదు. నేను మా వైపు బస్సు దిగినప్పుడల్లా నన్ను చూసి తల దించుకుని గేటు లోపలికి వెళ్ళేవాడు.

మా మేనత్త మాత్రం పొద్దున్నే బీడుకు వెళ్ళడం మానలేదు. కొంగు నడుముకు దోపుకుని వెళ్ళేది, ఖాళీ కొంగుతో వచ్చేది. తమ్ముడు మార్కెట్ నుంచి పాలకూర కట్టలు తెచ్చి ముందు పెడితే ముట్టేది కాదు. నేను పుట్టింటికి వచ్చిన ఒకరోజు ఆమెతో వెళ్ళాను. అప్పటికి నడుము వంగిపోయింది. నేల మీద చతికిలబడి, గోటితో ఆ తెల్లటి పొక్కు గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "గిది లేసిపోయే మంద కాదే బిడ్డా" అంది. తిట్టలేదు. ఊరందర్నీ తిట్టిన మనిషికి ఆ రోజు ఒక్క తిట్టు రాలేదు. నాకు అంత భయం అమ్మ మంచం మీద ఉన్నప్పుడు కూడా వేయలేదు. కొన్నాళ్ళకే ఆమె పోయింది.

ఇప్పుడు నేను పటాన్‌చెరు వైపు కాలనీలో చిన్నకొడుకు దగ్గర ఉంటున్నాను. వాడు కాజీపల్లిలో పని చేస్తాడు. ఆ చాయ్ రంగు నీళ్ళు వదిలిన ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. మా బీడులో చాలా భాగం ఎవరో కొని గోడ కట్టారు. గోడ లోపల ఒకే రకం చెట్లు వరసల్లో నాటి, బయట హరిత వనం అని బోర్డు పెట్టారు. ఆ చెట్ల ఆకు మేక ముట్టదు. కింద గడ్డి మొలవదు. దూరం నుంచి చూస్తే మాత్రం కళ్ళు చల్లబడేంత పచ్చగా ఉంటుంది, అందుకేనేమో బోర్డు మీద అంత పెద్ద అక్షరాలు. గోడకు, రోడ్డుకు మధ్య తమ్ముడి వాటాకు చెందిన ఒక సన్నని నేల పట్టీ మిగిలింది. అమ్మితే పోయేది, ఏదో తగాదాలో ఇరుక్కుని అమ్ముడుపోలేదు.

నా చిన్నకోడలు కోస్తా పిల్ల. వాళ్ళ నాన్న ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. నేను ఈ కథ చెబితే అందరిలా తలూపి ఊరుకోలేదు. "అత్తయ్యగారూ, ఆ నీళ్ళు రావడం ఆగి చాలా ఏళ్ళయింది కదండీ. వానలకు పొక్కు కూడా కొట్టుకుపోయే ఉంటుంది. మీ మేనత్తగారు చేసినట్టే మనమూ మంద పెట్టించి చూద్దామా?" అంది. ఈ వయసులో నాకు ఆశ పెట్టింది. నేనూ పెట్టుకున్నాను.

మంద దొరకడమే కష్టమైంది. మా ఊళ్ళో గొర్లు లేవు. చివరికి పాలమూరు వైపు నుంచి రోడ్డు వెంట మేపుకుంటూ వచ్చిన ఒక కాపరి ఒప్పుకున్నాడు. "పెడ్త గని అమ్మా, గీడి నీళ్ళు మాత్రం తాపను" అని ట్యాంకరు నీళ్ళు తెప్పించుకున్నాడు. తెల్లారి వెళ్ళి చూస్తే డెక్కల గుంటలు, పెంటికలు, అదే ఘాటు. గోడ పక్కన నిలబడి గుండెల నిండా ఆ వాసన పీల్చాను. మా కోడలు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని నన్ను చూసి నవ్వింది.

వానలు బాగా పడ్డాయి. కొన్ని వారాలాగి ఇద్దరం వెళ్ళాం. ఆటో దిగుతూనే మా కోడలు "అత్తయ్యగారూ, ఎంత పచ్చగా వచ్చిందో చూడండి!" అని అరిచింది. నిజమే. గోడ మొదలు నుంచి రోడ్డు అంచుదాకా ఎక్కడా మట్టి కనిపించకుండా కమ్ముకుంది. నేను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. వయ్యారిభామ. తెల్లటి చిన్న పూలతో, మోకాలి ఎత్తున, ఒక్క వయ్యారిభామే. ముట్టుకుంటే దురద, మేస్తే పశువుకు జబ్బు. మోకాళ్ళ మీద పాకుతూ మొక్కలు పాయలు తీసి అడుగున చూశాను. చేతులు దద్దుర్లు వచ్చినా చూశాను. ఒక్క చెంచలి లేదు. ఒక్క తుమ్మి లేదు. "ఇంక చాలండీ, లేవండి" అని మా కోడలు భుజం పట్టి లేపేదాకా వెతుకుతూనే ఉన్నాను. ఆటోలో ఆమె నా చేతులకు నూనె రాస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు.

చాటలో ఆకులేరిన రోజు అబ్బిన చూపు నన్నింకా వదల్లేదు. ఎక్కడ పచ్చదనం కనబడినా వంగి రకాలు వెతుకుతాను. హైవే మధ్యలో నాటిన వరసల్లో వెతుకుతాను, కంది ఊరి వైపు పోతుంటే బస్సు కిటికీలోంచి పచ్చిక మైదానాల్లో వెతుకుతాను. ప్రతిచోటా ఒకటే రకం. పిల్లలు పచ్చగా ఉందంటే ఔనంటాను, వాళ్ళ సంతోషం నేనెందుకు చెడగొట్టాలి?

ఆ పట్టీలో కూర ఎందుకు రాలేదో నాకు తెలియడానికి ఎక్కువ సేపు పట్టలేదు. గొర్లు తమ పని తాము చేశాయి. కొరికాయి, తొక్కాయి, మట్టి పెకిలించాయి. కానీ అవి దారిపొడుగునా మేసింది రోడ్డు పక్క పిచ్చిమొక్కలే, పెంటలో వేయడానికి వాటి కడుపులో వేరే గింజ ఏముంటుంది? ఇటు గోడ, అటు రోడ్డు, వెనక గోదాము, దాని వెనక కంకర దుమ్ము. చెంచలి ఎక్కడి నుంచి రావాలి? మంద రావాలి, వచ్చి లేచిపోవాలి అని మా మేనత్త చెప్పిన మాట అబద్ధం కాదు, సగమే. మంద లేచిపోయాక అక్కడికి గింజ రావడానికి పక్కన ఇంకో బీడు బతికుండాలి. ఆ మిగతా సగం ఆమె నాకు చెప్పలేదు. ఆమె రోజుల్లో ఎటు తిరిగినా బీళ్ళే, చెప్పాలని ఆమెకు తోచనే లేదు.